తోరం కట్టిన గులాబీలు

మే నెల మూడోవారం వచ్చేసరికి షామ్‌బర్గ్‌లో చచ్చిన మొక్కలన్నీ అనంతలక్ష్మి కౌంటర్ ముందుకే వచ్చి పడ్డాయి. చెత్త సంచుల్లో కొన్ని, చంటిపిల్లల స్నానాల టబ్బుల్లో కొన్ని. ఒకాయనైతే ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి మరీ తెచ్చాడు. ఆ ఏడు చలి అలాంటిది. జనవరిలో ఫారెన్‌హీట్ లెక్కన సున్నాకి కింద పదహారు దాకా పోయి గులాబీలనీ, హైడ్రాంజియాలనీ, బాక్స్‌వుడ్ పొదలనీ ఊడ్చిపెట్టేసింది. ఆమె పనిచేసే నర్సరీ వాళ్ళది ఏడాది వారంటీ. చచ్చిన మొక్కా, రిసీటూ పట్టుకొస్తే కొత్త మొక్క ఇస్తారు. గడువు ఈ నెలాఖరుకి అయిపోతుందని జనం పొద్దున్నే వచ్చి నిలబడుతున్నారు.

పని సులువే. మొక్కని బల్ల మీద పడుకోబెట్టి కాడని బొటనవేలి గోరుతో గీరాలి. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు; ఇంకో మూడు వారాలు ఓపిక పట్టమని తిప్పి పంపాలి. గోధుమరంగు పొడి రాలితే పోయినట్టు. తరవాత పైపుతో మొక్క వేళ్ళు కడిగి, అది తమ నర్సరీ మొక్కేనని చూసుకుని, చీటీ యంత్రంలో పెట్టి, టైము పడేలా ముద్ర గుద్దాలి. తెనాలి కాలేజీలో బోటనీ చెప్పొచ్చిన మనిషికి ఇదొక లెక్కా! యజమానురాలు డోనాకి డెబ్భై దాటాయి. ఆవిడ అనంతలక్ష్మిని పేరు పెట్టి పిలవదు, "ప్రొఫెసర్" అంటుంది. ఆ పిలుపు చెవిన పడితే అనంతలక్ష్మికి వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. ఈ దేశంలో పదకొండేళ్ళుగా ఆమెను ఉమాకాంత్ గారి వైఫ్ అనో, రిషిత వాళ్ళ మదర్ అనో తప్ప ఇంకోలా పిలిచినవాళ్ళు లేరు మరి.

పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆమె భోజనానికి వెళ్తే కౌంటర్లో లూపే నిలబడుతుంది. లూపేది మెక్సికో. ఆరు సీజన్లుగా ఇక్కడ లారీలు దింపుతోంది, నీళ్ళు పడుతోంది. మాట బహు తక్కువ. కిందటేడు ఒకసారి అనంతలక్ష్మి ఆమెకి గులాబీ పాఠం చెప్పబోయింది. డోనా అమ్మేవన్నీ సొంత వేరు గులాబీలు, అంటే వేరూ కొమ్మా ఒకటే మొక్క. పెద్ద పెద్ద షాపుల్లో చవగ్గా దొరికేవి అంటు గులాబీలు. అడవి గులాబీ వేరుకి మంచి రకం కొమ్మ అతికిస్తారు, అతికిన చోట మొదట్లో పిడికిలంత ముడి ఉంటుంది. లూపే అంతా విని, తలూపి, పైపు తీసుకుని వెళ్ళిపోయింది. పాపం దీనికేం అర్థమవుతుందిలే అనుకుంది అనంతలక్ష్మి.

మంగళవారం ఆమె వెనక గదిలో పెరుగన్నం డబ్బా అప్పుడే మూత తీసింది. లూపే తలుపు దగ్గర నిలబడి, "నీకోసం ఎవరో వచ్చారు. నాతో మాట్లాడరట," అంది.

వచ్చింది కేశవరావు. గుడి తోటకి పెద్ద ఆయనే. గుడంటే గోపురం, ధ్వజస్తంభం ఏమీ లేవు; ఒకప్పటి తివాచీల గోదాము. దాని పక్కనున్న చారెడు నేలలో కిందటి మే నెలలో పన్నెండు గులాబీలు నాటారు. ఒక్కటీ బతకలేదని అనంతలక్ష్మికి తెలుసు. ఇప్పుడా పన్నెండూ నల్ల సంచుల్లో బండి మీద ఉన్నాయి. వాటి మీద లడ్డూల పెట్టె.

"ప్రసాదం చెల్లెమ్మా, ముందు కళ్ళకద్దుకో. ఆమెకెవరికో ఇస్తే స్కాన్ అంటుంది, మేనేజర్ అంటుంది. మన మనిషి ఉండగా మనకెందుకీ తలనొప్పి అని నిన్ను పిలవమన్నా."

"నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళి తిను," అంది అనంతలక్ష్మి లూపేతో. లూపే ఒకసారి సంచుల వంక, ఒకసారి కేశవరావు వంక చూసి గ్లోవ్స్ విప్పుకుంటూ వెళ్ళింది.

అనంతలక్ష్మి ఒక సంచి విప్పింది. కుళ్ళిన వేళ్ళ కంపు గుప్పుమంది. కాడ గీరాల్సిన పనే లేకపోయింది. మట్టి తుడవగానే బొటనవేలికి అంటు ముడి తగిలింది.

"అన్నయ్యగారూ, ఇవి మా నర్సరీవి కావు."

"కావమ్మా. నీ దగ్గర దాపరికమేముంది? గుడికి అప్పుడు బయట షాపులో తెచ్చాం. రిసీటు మాత్రం మీదే, చూడు. కిందటేడు మీ జయంతి వదిన మా ఇంటికి ఇక్కడే పన్నెండు కొంది. అవి ఇంటి గోడవారన వెచ్చగా ఉండి, నిక్షేపంలా చిగురేశాయి. మరి ఆ వారంటీ వేస్టేగా? యూజ్ చేసుకోవాలి. వీళ్ళకిదంతా నష్టాల ఖాతాలో రైటాఫ్ అయిపోతుంది."

"అలా కుదరదండీ."

"గుడి పనమ్మా ఇది! నా ఇంట్లో పెట్టుకుంటానా? శనివారం పంతులు గారు వస్తున్నారు. తోరాలు మళ్ళీ నువ్వే కట్టాలి, నీ చెయ్యి మంచిది."

చెయ్యి మంచిదైతే ఇవెందుకు చచ్చాయో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. వెనకాల క్యూలో నలుగురున్నారు. ఆయన గొంతు తగ్గించడం లేదు. నెయ్యి కారుతున్న లడ్డూల వాసనా, కుళ్ళు కంపూ కలిసి ఆమె ముక్కులో దూరాయి. ఈ మనిషి ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే చాలు, ఏమైనా సరే వెళ్ళిపోతే చాలు అనిపించింది. మిగతా పదకొండు సంచులూ విప్పకుండానే చీటీ యంత్రంలో పెట్టి ముద్ర గుద్దింది. కేశవరావు కొత్త మొక్కల్లో మొగ్గలున్నవే ఏరుకుని, "దేవుడు చల్లగా చూస్తాడమ్మా," అని బండి తోసుకుపోయాడు. చల్లగా చూడ్డం మొన్న జనవరిలోనే అయింది కదా!

లడ్డూల పెట్టె మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. తినబుద్ధి కాలేదు, ప్రసాదం గనక పారెయ్యనూ బుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాని చుట్టూ చీమలు చేరాయి.

గురువారం పదింటికి డోనా ఆమెను గ్రీన్‌హౌస్ వెనక్కి తీసుకెళ్ళింది. వాపసొచ్చిన మొక్కలన్నీ అక్కడే కుప్పపోస్తారు, శుక్రవారం లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. కుప్ప పక్కన పన్నెండు గులాబీలు వరసగా పరిచి ఉన్నాయి. సంచులు కోసేశారు. వేళ్ళు కడిగేశారు. పన్నెండు అంటు ముళ్ళు పైకి తేలి ఉన్నాయి.

"ఇవేంటో నీకు నేను చెప్పక్కర్లేదు, ప్రొఫెసర్," అంది డోనా. "మా ఆయన బతికుండగా నలభై ఏళ్ళలో ఒక్క అంటు గులాబీ కూడా ఈ గేటు లోపలికి రానివ్వలేదు. నేను వీటికి బదులు పన్నెండు కొత్తవి ఇచ్చుకున్నాను."

చెప్పెయ్యాలి, ఇదే సమయం అనుకుంది అనంతలక్ష్మి.

"చీటీ చూశాను. పన్నెండూ ఇరవై ఎనిమిది. లూపే టైమ్," అంది డోనా. "నువ్వయితే ముడి చూసి కూడా ముద్ర వేస్తావా? తనకి తెలియదు, కనిపించినా పోల్చుకోలేదు. కస్టమర్ని ఏమనగలను, రిసీటు అసలైనదే. చూసుకోవాల్సింది మనం. నెల రోజుల్నించి ఇలాంటివి ఇంకెన్ని పోయాయో! శనివారంతో మానెయ్యమని చెప్పేశాను."

"లూపే ఏమంది?"

"ఏమంటుంది? తలూపింది."

డోనా వంగి ఒక కాడ మొదట్నుంచి ఏదో లాగింది. "ఇదొకటి, ప్రతి దానికీ ఉంది. ఏంటిది, పొట్లాలు కట్టే దారమా?"

మట్టి పట్టి, మురికిరంగు తేలిన దారం. అనంతలక్ష్మి చేతిలోకి తీసుకుంది. తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్ళు. గోరుతో ఒక ముడి వదులు చేస్తే లోపల ఇంకా పసుపు మిగిలే ఉంది. కిందటేడు నూలు దారం చాలక, కుట్టుమిషన్ పాలియెస్టర్ దారం పేని, పసుపు పూసి తానే కట్టింది. నూలయితే మంచుకి కుళ్ళిపోయి ఉండేది. మొక్కకింత బొట్టు పెట్టి, తోరం కట్టి, "తల్లీ, బతుకు" అని మొక్కిన చెయ్యి ఇది. దాంతోనే మొన్న వాటి మీద ముద్ర గుద్దింది. ఆ కేశవరావుకి పీకేటప్పుడు తోరం విప్పాలన్న ఇంగితం కూడా లేకపోయింది. ఛీ, ఆయన్ననడం ఎందుకు! మిగతా సంచులు విప్పి చూడాలన్న ఇంగితం తనకుందా?

"తెలీదు," అంది డోనాతో, దారం ఏప్రాన్ జేబులో వేసుకుంటూ.

తేలు కుట్టిన దొంగలా ఆ రోజంతా పని చేసింది. గీరడం, కడగడం, గుద్దడం. లూపే రెండుసార్లు బండి తోసుకుంటూ పక్కనుంచే వెళ్ళింది. మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. అది ఇంకా దుర్భరంగా ఉంది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు అనుకుంది అనంతలక్ష్మి. లూపేకి ఇద్దరు ఆడపిల్లలని తెలుసు. సీజన్ మధ్యలో ఈ పని పోతే మళ్ళీ వసంతం దాకా ఇంకోచోట దొరకదనీ తెలుసు.

సాయంత్రం కూర తరుగుతూ మొగుడికి చెప్పింది. ఉమాకాంత్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే విన్నాడు.

"కేశవరావు గారి బావమరిదే మా క్లయింట్ మేనేజర్. తెలుసుగా? అయినా ఆ లూపేకి ఇంకో నర్సరీలో జాబ్ దొరుకుతుంది. నువ్వు చేసింది పర్సనల్‌గా నీకోసం కాదు కదా, గుడికి."

"గుడికైతే దొంగతనం కాదా?"

"అంత పెద్ద మాటలెందుకు?"

బీరకాయ చేదుందేమోనని ఒక ముక్క నోట్లో వేసుకుని చూసింది. చేదేమీ లేదు. నోరే చేదుగా ఉంది.

శుక్రవారం ధైర్యం కూడదీసుకుని డోనా దగ్గరికి వెళ్ళింది. "లూపే తప్పు కాదు," అంది. అంతే అంది. "నేను" అనే ఆ ఒక్క మాట మింగేసింది. డోనా ఆమె భుజం తట్టి, "నీది మంచి మనసు, ప్రొఫెసర్," అంది. ఆ పిలుపుకి మొట్టమొదటిసారి వీపు నిటారు కాలేదు. ఒళ్ళంతా ఏదో జిడ్డు పూసినట్టయింది.

ఇంటికి రాగానే జయంతి ఫోను. "రేపు పది గంటలకే వదినా. తోరాలు మర్చిపోకు." చేతులకి సిగ్గుండదు. మాట్లాడుతుండగానే దారం చుట్ట వెతికి తీసుకున్నాయి. పోగులు పేనుతూ, ముళ్ళు వేస్తూ, పన్నెండు తోరాలూ పూర్తయ్యేదాకా ఆగలేదు.

శనివారం గుడి పక్క నేలంతా జనం. పట్టుచీరల మీద చలికోట్లు వేసుకున్న ఆడవాళ్ళు, ఫోన్లు పట్టుకున్న మగవాళ్ళు. పన్నెండు గుంటలు తవ్వి ఉన్నాయి. గుంటల పక్కన కుండీల్లో గులాబీలు, మొగ్గలు విచ్చుకుంటున్నాయి. కిందటేడు మొక్కకొకటి చొప్పున పాతిన, చందాలిచ్చిన పన్నెండు కుటుంబాల పేర్ల పలకలు పీకేసి గోడ వారగా పడేశారు. వాటిలో ఉమాకాంత్, అనంతలక్ష్మి అని తమదీ ఉంది. వాటి స్థానంలో ఒకే ఒక్క పెద్ద బోర్డు, వార్నిష్ వాసన ఇంకా పోలేదు: గులాబీ వనం. సౌజన్యం: శ్రీ కేశవరావు, శ్రీమతి జయంతి దంపతులు.

అనంతలక్ష్మి ఆ బోర్డు రెండుసార్లు చదివింది.

కేశవరావు మైకులో మాట్లాడుతున్నాడు. "పోయిన చలికి మన తోట పోయింది. అందరినీ మళ్ళీ ఇబ్బంది పెట్టడం ఎందుకని, ఈసారి పన్నెండు మొక్కలూ మేమే స్వామివారికి సమర్పించుకున్నాం." చప్పట్లు. ఎవరో శాలువా కప్పారు.

అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం ఆమె విన్నదే. కానీ అల్లుడికి చప్పట్లు కొట్టడం, ఆ చప్పట్లకి తన చేతి పళ్ళెంలో తోరాలు సిద్ధంగా ఉండడం చూస్తే రోత పుట్టింది. ఆయన మీద కంటే ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ తన మీద ఎక్కువ పుట్టింది.

"రామ్మా అనంతలక్ష్మీ, మొదటి తోరం నువ్వు కట్టు," అని పిలిచాడు కేశవరావు.

ఆమె వెళ్ళింది. తోరం కట్టలేదు. పళ్ళెం కింద పెట్టి, తోరాలన్నీ బొడ్లో దోపుకుని, మొదటి కుండీ రెండు చేతులా ఎత్తి, పార్కింగ్‌లో ఉన్న తమ వ్యాన్ దగ్గరికి నడిచింది. మళ్ళీ వచ్చి రెండోది ఎత్తింది. చోటు మారుస్తోందేమోనని జనం దారిచ్చారు. మూడోదానికి కేశవరావు అడ్డం వచ్చాడు.

"ఏంటమ్మా ఇది, అందరి ముందూ?"

"ఇవి మీరు కొన్నవి కావు అన్నయ్యగారూ. చచ్చిన గుడి మొక్కల్ని మా నర్సరీవని చూపించి మీరు తెచ్చారు, తెలిసీ నేనిచ్చాను. దొంగతనం ఇద్దరం చేశాం. దానికి ఇంకొకామె ఉద్యోగం పోతోంది."

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆ మాటలు చివరి వరస దాకా వినపడ్డాయి. పంతులు గారు కలశం వంక చూస్తూ ఉండిపోయారు. ఎవరో పెద్దాయన, "లోపలికెళ్ళి మనలో మనం మాట్లాడుకుందాం," అన్నాడు. కేశవరావు మైకు ఆపి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"ఎవరో మెక్సికన్ ఆవిడ కోసం దేవుడి మొక్కలు ఎత్తుకుపోతావా?"

"ఆవిడ మిమ్మల్ని లోపలికి రానిచ్చి, నన్ను పిలిచింది. అదే ఆవిడ చేసిన తప్పు," అంది అనంతలక్ష్మి. ఆయన్ని చుట్టి వెళ్ళి మూడో కుండీ ఎత్తింది.

ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. తొమ్మిదోసారి, పదోసారి నడిచేటప్పటికి చీర కుచ్చిళ్ళు బురదయ్యాయి. పదకొండు సర్ది తలుపు వెయ్యబోతుంటే జయంతి వచ్చింది. చేతిలో కుండీ ఉంది, దానికి ముందుగానే కుంకం బొట్టు పెట్టి ఉంది.

"ఒకటి వదిలేశావు వదినా. స్వామి దగ్గర పెట్టించారు మీ అన్నయ్య," అంది. మొహం చూడకుండా కుండీ లోపల పెట్టి, చేతులు దులుపుకుని, గబగబా వెళ్ళిపోయింది.

నర్సరీకి చేరేసరికి రెండయింది. శనివారం రద్దీ. అనంతలక్ష్మి సెలవు పెట్టడంతో వాపసు కౌంటర్లో లూపే ఉంది, కనిపెట్టుకుని పక్కనే డోనా. ఆమె పట్టుచీరతోనే కుండీల బండి తోసుకుంటూ క్యూ దాటి ముందుకొచ్చింది. గురువారం నాటి మురికి తోరం హ్యాండ్‌బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. పక్కన కొత్త తోరం పెట్టింది. రెంటికీ తొమ్మిదేసి ముళ్ళు.

"మొన్న తెలీదన్నాను. ఇది నేను కట్టిందే," అంది. "మా గుడి మొక్కలవి. లూపేని భోజనానికి పంపి ముద్ర వేసింది నేను. ముడి చూసే వేశాను."

డోనా రెండు దారాలనీ చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎందుకు?"

ఎందుకంటే ఏం చెప్తుంది? గుడి, మనవాళ్ళు, క్యూ, లడ్డూ. వాటిలో ఏది చెప్పినా సాకే. "కాదనలేకపోయాను," అంది.

"శుక్రవారం నా దగ్గరికి వచ్చావు. అప్పుడూ చెప్పలేదు."

"చెప్పలేదు."

డోనా చెయ్యి చాపింది. కరచాలనానికి కాదు. అనంతలక్ష్మి గోడకున్న తన ఆకుపచ్చ ఏప్రాన్ తీసి, మడతపెట్టి, ఆ చేతిలో పెట్టింది. "సరే, ఆనంటా," అంది డోనా. రెండేళ్ళలో మొదటిసారి పేరు పెట్టి పిలిచింది, అదీ సగమే. తర్వాత లూపే వైపు తిరిగి, "సోమవారం నుంచి ఈ కౌంటర్ నీది. రోజంతా," అంది. సారీ అనబోయిందేమో, పెదాలు కదిలాయి. ఈలోగా ఎవరో కస్టమర్ పిలిస్తే వెళ్ళిపోయింది.

లూపే ఒక్కో కుండీ బల్ల మీదికి ఎత్తింది. గోరుతో గీరడం కంటే ముందు ఆమె బొటనవేలు మట్టిలోకి దిగి, కాడ మొదలు చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే. ముడి లేదని చూసుకుని పక్కన పెడుతోంది.

అనంతలక్ష్మి బల్ల మీదికి వంగింది. "నీకు అంటు ముడి తెలుసా?"

"మా నాన్న గులాబీలకి అంట్లు కట్టేవాడు. పదేళ్ళప్పట్నించీ నేనూ కట్టాను."

కిందటేడు తాను చెప్పిన పాఠం, ఆమె తలూపడం, "పాపం" అనుకోవడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి అనంతలక్ష్మి మొహం మండిపోయింది. "మరి మంగళవారం ఆ మొక్కలు..."

"సంచులు కుప్ప దగ్గరికి తోసుకెళ్ళింది నేనేగా. ఎత్తగానే ముడి చేతికి తగిలింది."

"మరి డోనాకెందుకు చెప్పలేదు? నిన్ను తీసేస్తుంటే కూడా?"

లూపే పన్నెండో కుండీకున్న కుంకం బొట్టు తడిగుడ్డతో తుడిచింది. అన్నీ బతికే ఉన్నాయని రాసి, చీటీ యంత్రంలో పెట్టి ముద్ర గుద్ది, చించి, అనంతలక్ష్మి ముందుకు జరిపింది.

"ఆవిడ నన్ను అడగలేదు," అంది. "మూడు రోజులు నువ్వూ అడగలేదు."

వెనకాల ఎవరో ఎండిపోయిన పొద పట్టుకుని నిలబడి ఉన్నారు. అనంతలక్ష్మి చీటీ తీసుకుని పక్కకి తప్పుకుంది.

"నెక్స్ట్," అంది లూపే.